ఎడమవైపు చప్పుడు

వెయ్యీ నూటయాభై డాలర్లకి
ఒనేసిమో బండితో పాటు ఇచ్చినవి మూడే:
తలుపుకి పట్టి డిక్కీకి పట్టని తాళంచెవి,
సీటు కింద పద్నాలుగో నంబరు పానా,
డాష్‌బోర్డు అరలో నూనె మరకల నోటుపుస్తకం.

"అన్నీ అందులో రాశాను డెల్ఫీనా" అన్నాడు.
చూపు ఆనడం లేదని లైసెన్సు తీసేసుకున్నారట.
ఇంటి దగ్గర దింపుతానంటే వద్దన్నాడు.
మంచులో, రోడ్డు అంచు పట్టుకుని,
నడిచే వెళ్ళాడు.

న్యూ మెక్సికో కొండల్లో జనవరి తెల్లారుజాము.
అమ్మాల్సిన కట్టెలు వెనక నిండా ఉన్నాయి.
తాళం తిప్పితే, టక్.
మళ్ళీ తిప్పితే, టక్.
ఊపిరి చూరులో పొగలా అద్దం మీద పేరుకుంటోంది.
పుస్తకం తీశాను. స్పానిష్‌లో పెన్సిలు రాత, చీమల బారు.

"టకటకమంటే బ్యాటరీ పోయింది.
ఒక్కటే టక్ అంటే రిలే. పానాతో ఒకటి తగిలించు.
గట్టిగా కాదు. నిద్రపోయేవాణ్ణి లేపినట్టు."

తగిలించాను.
లేచింది, దగ్గుతూ, నన్నూ చలినీ కలిపి తిడుతూ.

"వేడెక్కేదాకా టిక్కుటిక్కుమంటుంది. మేనిఫోల్డులో పగులు.
కాలితే ఇనుము సాగి తనంతట తనే మూసుకుంటుంది.
డబ్బు తగలెయ్యకు."

"వెనక ట్యాంకు ముల్లు అబద్ధాలకోరు.
సగం చూపిస్తే సున్నా అనుకో."
ఈ పేజీ చదివేసరికి అప్పటికే
ఖాళీ డబ్బాతో ఆరు మైళ్ళు నడిచి ఉన్నాను.

అక్టోబరులో హీటరు వేస్తే
బండంతా వేయించిన పిన్యోన్ గింజల వాసన.
ఫ్యాను గూడు విప్పితే రెండు దోసిళ్ళ గింజలు,
సీటు దూదితో కట్టిన పరుపు,
ఇల్లు వదిలి పారిపోయిన ఎలుక తోక చివర.
పుస్తకంలో అదీ ఉంది:
"ఎలుకలు. మళ్ళీ. గింజలు నేనే తిన్నాను. బాగున్నాయి."

తుప్పు గురించి మాత్రం ఎక్కువ రాయలేదు.
తుప్పుకి ఏం రాస్తాం?
చక్రాల మీది రేకు తడిసిన అప్పడంలా చేతికొచ్చింది.
క్లచ్ కింద చిల్లులోంచి రోడ్డు పరిగెడుతూ కనిపించేది.
పాత నంబరు ప్లేటు కొట్టి మూశాను.
ఇప్పుడు నా ఎడమకాలి కింద
ఎవరో తొంభై ఒకటిలో కట్టిన పన్ను.

ఒక సాయంత్రం, పని లేక, మొదటినుంచీ చదివాను.

"మే పన్నెండు. నీటిపంపు మార్చాను. ఎలోయీసా టార్చి పట్టింది."
"బ్రేకు గొట్టం. ఎలోయీసా పెడలు తొక్కింది, నేను గాలి తీశాను."
"వెనక కమాను పట్టీ విరిగింది. ఎలోయీసా ఇక అమ్మెయ్యమంది."
తర్వాత నాలుగు నెలలు ఏమీ లేదు.
తర్వాత,
"ఆయిల్ మార్చాను. టార్చి పళ్ళతో పట్టుకున్నాను."

ప్రతి రెండు మూడు పేజీలకీ ఒక మూల
అదే మాట, పద్దెనిమిదేళ్ళుగా:
"ఎడమవైపు చప్పుడు. దొరకలేదు."

నేనూ వెతికాను.
క్రాస్ మార్చాను. బుష్‌లు మార్చాను.
సైలెన్సరు కొక్కేనికి తీగ చుట్టాను.
బోల్టుబోల్టుకీ పానా పెట్టి పలకరించాను.
తలుపు అట్ట విప్పితే ఒక దువ్వెన దొరికింది,
తెల్ల వెంట్రుక ఒకటి ఇంకా పళ్ళ మధ్య.
తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టి, అట్ట బిగించాను.
చప్పుడు అది కాదు.

ఆయన రాత కింద నా రాత, బాల్‌పెన్నుతో:
"నవంబరు మూడు. స్టార్టరు మార్చాను.
టార్చి మేనల్లుడు సెలెడోనియో పట్టాడు, నా కళ్ళల్లోకి.
ఎడమవైపు చప్పుడు. దొరకలేదు."

మొన్న పోస్టాఫీసు ముందు బెంచీ మీద ఒనేసిమో.
నన్ను చూసి కాదు, బండిని విని చెయ్యెత్తాడు.
కిటికీ దింపాను. సగమే దిగుతుంది.

"రెండో గేరు తొందరపెడుతున్నావు" అన్నాడు.
సరే అన్నాను.
కాసేపు ఇంజను ఇద్దరి తరఫునా మాట్లాడింది.
"ఎడమవైపు?"
"ఉంది" అన్నాను.

ఊఁ, అన్నాడు,
దూరాన ఉన్న చుట్టం కులాసా అని విన్నట్టు,
కర్ర మీద గడ్డం ఆనించి.